బాపు కొన్న మిలిటరీ సీస

మా బాపుకు మిలిటరీతో ఏ సంబంధమూ లేదు. జగిత్యాల పక్క పల్లె నుంచి సూరత్ వచ్చి, ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ సాంచెలు నడిపాడు. సాంచె అంటే మరమగ్గం. అయినా మా ఇంట్లో ఒక మిలిటరీ నీళ్ల సీస ఉండేది. ఆదివారం అంగడిలో గోనెపట్టా మీద పరిచిన పాత ఇనుప సామాన్లలోంచి దాన్ని ఏరుకొచ్చాడు. నీలం ఎనామిల్ పూసిన రేకు సీస. ఒక పక్క ఉబ్బెత్తుగా, ఇంకో పక్క నడుముకు ఆనేలా కాస్త లోపలికి వంగి ఉండేది. మీద ఖాకీ ఉన్ని తొడుగు, మెడకు సన్నటి గొలుసు, గొలుసు చివర బిరడా.

అవ్వ, అంటే మా అమ్మ, దాన్ని చూసి, "ఎవలో తాగిన ఎంగిలి సీసను ఇంట్లకు తెచ్చినవా?" అని కోప్పడింది. బాపు దాన్ని వేడినీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టి, మర్నాడు పొద్దున్నే కార్ఖానాకు పట్టుకుపోయాడు. అప్పటినుంచి అది ఆయన భుజం దిగలేదు. కార్ఖానా అంటే మీద రేకుల కప్పు, కింద వరసగా సాంచెలు, మధ్యలో మనిషి నడిచేంత సందు. వేడికి స్టీలు డబ్బాలో నీళ్లు కాసేపటికే కాగిపోయేవి. బాపు మాత్రం సీస తొడుగును తడిపి గోడ మేకుకు తగిలించేవాడు. తడి ఆరుతూ ఉంటే లోపలి నీళ్లు చల్లబడేవి. మూతి సన్నం కాబట్టి దారం పొట్టు పడేది కాదు. కింద పడితే సొట్ట పడేది తప్ప పగిలేది కాదు. మధ్యాహ్నానికి ఆ వరసలో సగం మంది మూతి ఆనించకుండా ఎత్తి దానిలోంచే తాగేవారట.

పొద్దున దాన్ని నింపే పని అన్నదీ నాదీ. గల్లీ చివర పంపు దగ్గర అన్న సీస పట్టుకునేవాడు, నేను తొడుగు తడిపేదాన్ని. తిరిగొచ్చేటప్పుడు అన్న దాన్ని అడ్డంగా మెడకు వేసుకుని కవాతు చేసేవాడు. ఒకసారి, "ఇది ఎవలది బాపు?" అని అడిగాడు. "ఏ ఫౌజోనిదో. ఆయన తాగినంక మనకచ్చింది," అన్నాడు బాపు.

అన్న పది పాసయ్యి, రెండేళ్లు బాపుతో పాటు సాంచెల మీద పనిచేసి, తర్వాత మిలిటరీకి పోయాడు. అదే ఏడు నేను పై చదువుకు కాలేజీలో చేరాను. ఈ రెండూ ఒకే ఏడు జరగడం నా బుర్రలో ఒక ముడిలా ఉండిపోయింది. నా చదువు కోసమే అన్న పోయాడని నేను చాలా ఏళ్లు అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటాను. అన్న ఒప్పుకోడు. "నాకు సదువు రాకనే పోయిన చెల్లె. ఉరుకుడు ఒక్కటే వచ్చు నాకు. నీకోసం పోయిన్నని సినిమా లెక్క జెయ్యకు," అంటాడు. అన్న అబద్ధం చెప్పే మనిషి కాదు. కానీ నేను నమ్మలేదు. నమ్మితే నా మీద ఉన్న బరువు దిగిపోతుంది కదా, అది దిగడానికి వీల్లేదని నాలో ఎవరో పట్టుబట్టినట్టు ఉండేది.

సెలవు మీద వచ్చినప్పుడల్లా అన్న బాపు సీసను చేతిలోకి తీసుకుని కబుర్లు చెప్పేవాడు. రంగ్రూటుగా, అంటే కొత్త సిపాయిగా, చేరినప్పుడు తనకు మొదట ఇచ్చింది ఇలాంటిదేనట. ఎందరి నడుముల మీదో తిరిగి, తొడుగుకు నాలుగు రకాల దారాల కుట్లు పడి వచ్చింది. తెల్లదొరల కాలం నాటి నమూనా, మన దగ్గర అలాగే నడిచిందని వాళ్లకు శిక్షణ ఇచ్చిన ఉస్తాదు చెప్పేవాడట. తర్వాత ఆకుపచ్చ ప్లాస్టిక్ సీసలొచ్చాయి, అడుగున మగ్గు తొడిగి. ఆకారం మాత్రం పెద్దగా మారలేదు, నడుము మారలేదు కాబట్టి, అనేవాడు. సీస నింపితే నిండా నింపాలి. సగం నీళ్లుంటే నడిచేటప్పుడు గలగలమని చప్పుడొచ్చి, మనిషి ఎక్కడున్నాడో శత్రువుకు తెలిసిపోతుంది. మంచులో ఉన్నప్పుడు పడుకునే ముందు వేడినీళ్లు పోసి కాళ్ల దగ్గర పెట్టుకుంటే కాళ్లు కొంకర్లు పోవు, పొద్దున అవే నీళ్లు తాగొచ్చు. లోపల వాసన పడితే పిడికెడు బియ్యం, వేడినీళ్లు పోసి గట్టిగా ఊపాలి. బాపు నోరు తెరుచుకుని వినేవాడు. కొడుకు కంటే ముందు తను ఆ సీసను మోసినందుకు కొంచెం గర్వం కూడా.

నేను రసాయనశాస్త్రం చదివాను. సూరత్ పక్కనే హజీరాలో ఒక పెద్ద ప్లాంటు ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. నా పని నీళ్లను పరీక్షించడం. బాయిలర్లోకి పోయే నీళ్లు, కూలింగ్ టవర్లో తిరిగే నీళ్లు, బయటికి వదిలే నీళ్లు. పెళ్లయింది, ఆల్థాన్‌లో ఫ్లాట్ కొనుక్కున్నాం. బాపు పోయిన తర్వాత ఆయన సామాన్లు సర్దుతుంటే, సీసను నేను అడిగి తీసుకున్నాను. జ్ఞాపకంగా ఉంటుందన్నాను. అన్న అప్పుడు ఎక్కడో సరిహద్దు దగ్గర ఉన్నాడు.

ఆ సీసను నేనేం చేశానంటే, తొడుగు విప్పి బీరువాలో పెట్టి, సీసలో మనీ ప్లాంట్ కొమ్మ వేసి, హాలు కిటికీలో పెట్టాను. నీలం ఎనామిల్ మీద ఆకుపచ్చ తీగ. వచ్చినవాళ్లందరూ ఎక్కడ కొన్నారని అడిగేవారు.

అన్న రిటైరై కుటుంబంతో సూరత్ తిరిగొచ్చాడు. లింబాయత్‌లో, మేం పెరిగిన గల్లీకి దగ్గర్లోనే ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. మా ఫ్లాటుకు మొదటిసారి వచ్చినప్పుడు సోఫాలో కూర్చోకుండా తిన్నగా కిటికీ దగ్గరికి నడిచాడు.

"ఇది బాపుది కదా?"

"అవునన్నా."

"మంచిగ పెరిగింది," అన్నాడు, తీగను చూసి. నిజంగానే మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలుకు నా ముఖం వేడెక్కింది. తనకు సర్వీసులో ఇచ్చిన సీసను దిగేటప్పుడు జమ చేసి వచ్చానని, అది అలవాటైపోయి ఇప్పుడు నడుము ఖాళీగా ఉన్నట్టుందని టీ తాగుతూ చెప్పాడు. అడగలేదు. ఊరికే చెప్పాడు.

ఆ వారమంతా నేను సీసను శుభ్రం చేశాను. వేర్లు మెడ దాకా అల్లుకుపోయి ఉన్నాయి. కత్తెరతో, పొడుగు పట్టకారుతో పీకాను. అన్న చెప్పినట్టే బియ్యం, వేడినీళ్లు పోసి ఊపాను. లోపల ఎనామిల్ ఎక్కడైనా పెచ్చు లేచి తుప్పు దిగుతుందేమోనని రెండు రోజులు నీళ్లు నిలవ ఉంచి, ల్యాబ్‌కు తీసుకెళ్లి ఎవరికీ చెప్పకుండా పరీక్షించాను. నీళ్లు బాగున్నాయి. తొడుగు కుట్టించి, తడిపి, ఆరబెట్టి లింబాయత్ వెళ్లి ఇచ్చాను. అన్న బిరడా తీసి వాసన చూశాడు. "ఇంక జర ఆకు వాసనస్తుంది," అని నవ్వాడు.

మాజీ సైనికులకు సూరత్‌లో దొరికే పని సెక్యూరిటీ. ఒక ఏజెన్సీలో చేరాడు. వాళ్లు ఏ గేటుకు పంపితే ఆ గేటు. మా ప్లాంటుకు పంపారు.

ఆ సంగతి చెప్పడానికి తనే మా ఇంటికొచ్చాడు. "గేటు మీద చుట్టరికం ఉండద్దు చెల్లె. ఎవలకూ చెప్పకు. నిన్ను సుత అందరి లెక్కనే చెక్ జేస్త," అన్నాడు.

నేను సరే అన్నాను. సరే అనడానికి నాకు క్షణం కూడా పట్టలేదు. అన్నను సాగనంపి తలుపు వేశాక చూసుకుంటే, నా మనసు తేలికగా ఉంది. అన్న తనంతట తాను ఆ మాట అనకపోతే, ఏదో ఒక సాకుతో నేనే అనిపించి ఉండేదాన్ని. అది తెలిసి, అక్కడే తలుపుకు ఆనుకుని కాసేపు నిలబడ్డాను.

పొద్దున మా స్టాఫ్ బస్సు గేటు దగ్గర ఆగుతుంది. గార్డు ఎక్కి ఒక్కొక్కరి కార్డూ చూస్తాడు. అన్న డ్యూటీ ఉన్న రోజు బూట్ల చప్పుడుతో ఎక్కేవాడు. నా సీటు దగ్గరికొచ్చి, "గుడ్ మార్నింగ్ మేడమ్," అనేవాడు. నేను కార్డు చూపించేదాన్ని. ఫోటో చూసి, ముఖం చూసి, ముందుకు పోయేవాడు. నా ముఖం ఆయనకు తెలియనట్టు. కొన్నాళ్లు ఇది మా ఇద్దరి మధ్య ఆటలా ఉంటుందని అనుకున్నాను. అన్నకు అది ఆట కాదు.

బస్సు కిటికీలోంచి చూస్తే సీస కనిపించేది, గేటు గది బయట నీడలో, తడి తొడుగుతో. ఒకరోజు నా పక్క సీట్లో కూర్చునే కాకినాడ ఇంజినీరు దాన్ని చూసి, "ఈ గార్డు చూడండి, ఈ కాలంలో కూడా ఆ సీసా. మ్యూజియంలో పెట్టాలి," అన్నాడు. మంచి మనిషే, వెటకారంగా ఏమీ అనలేదు. నేను నవ్వాను. అది మా బాపుది అని చెప్పడానికి నోట్లో మాట సిద్ధంగా ఉంది. బస్సు గేటు దాటేసింది.

ఆ వారాంతంలో వేడీ చల్లదనమూ పోకుండా ఉంచే కొత్త స్టీలు సీస కొని అన్నకిచ్చాను. సంతోషంగా తీసుకున్నాడు. మరుసటి సారి వెళ్తే అందులో వదినె టీ పోసి ఉంచింది. అన్న గేటుకు పట్టుకుపోయేది మాత్రం పాతదే.

మే నెలలో ప్లాంటులో మాక్ డ్రిల్ పెట్టారు. గ్యాస్ లీకైతే ఏం చేయాలో సాధన చేయడం. సైరన్ మోగగానే అందరూ పని వదిలి ఒకచోట చేరాలి. మా ల్యాబ్ వాళ్లు చేరాల్సింది గేటుకు ఎదురుగా ఉన్న పార్కింగ్ స్థలంలో. ఎండ నడినెత్తిన ఉంది. ఆ పొద్దున నేను ఏమీ తినకుండా వచ్చాను. తలలు లెక్కపెట్టారు. ఎవరో తక్కువయ్యారని మళ్లీ లెక్కపెట్టారు. నీళ్లు తాగాలంటే లోపలికి పోవాలి, డ్రిల్ అయ్యేదాకా లోపలికి పోకూడదు. కొందరు ముందే ఎర్ర పట్టీలు కట్టుకుని గాయపడ్డవాళ్లుగా నటిస్తున్నారు. అంబులెన్సు వాళ్లు వాళ్లకు కట్లు కడుతున్నారు.

నా చెవుల్లో హోరు మొదలైంది. తారు రోడ్డు పైకి లేస్తున్నట్టు కనిపించింది. కూర్చుందామనుకున్నాను, అంతలోనే పడిపోయాను. పూర్తిగా స్పృహ తప్పలేదు, మాటలు దూరం నుంచి వినిపిస్తున్నాయి. "అరే, మేడమ్ కూడా డ్రిల్లో ఉందా? ఎంత బాగా పడిందో," అని ఎవరో హిందీలో అన్నారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

తర్వాత బూట్ల చప్పుడు. నా తల కింద ఒక చెయ్యి. "చెల్లె! చెల్లె, కండ్లు తెరువు!"

అన్న నన్ను ఒక కారు నీడలోకి జరిపాడు. సీస తొడుగు గుండీలు విప్పి, ఆ తడి ఉన్నిని నా మెడ వెనక పెట్టాడు. నెత్తిన నీళ్లు పోశాడు. బిరడా తీసి నోటికి అందించి, "గుటక గుటక తాగు. ఒక్కసారి తాగకు, కక్కుతవ్," అన్నాడు. నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో ఇప్పటికీ గుర్తుంది. కళ్లు తెరిస్తే అన్న టోపీ లేకుండా, ముఖమంతా చెమటతో నా మీదికి వంగి ఉన్నాడు.

అప్పుడు సెక్యూరిటీ అధికారి వచ్చాడు. ఆయనా మిలిటరీలో చేసి వచ్చినవాడే. అన్నను హిందీలో అడిగాడు, "గేటు ఎవరు చూస్తున్నారు?"

అన్న లేచి అటెన్షన్‌లో నిలబడ్డాడు. గేటు ఎవరూ చూడడం లేదు. అడ్డకర్ర పైకి లేచే ఉంది. ఆ కాసేపట్లో ఒక ట్యాంకర్ లారీ తనిఖీ లేకుండా బయటికి వెళ్లిపోయింది. డ్రిల్‌లో వాళ్లు పరీక్షించేదే అది, గేటు మూసి ఉంచారా లేదా అని.

"ఈమె నీకేమవుతుంది?" అని అడిగాడు అధికారి.

"మేడమ్ సాబ్. ల్యాబ్ మేడమ్," అన్నాడు అన్న.

నేను నేల మీద పడుకుని అది విన్నాను. నోరు తెరవగలిగే స్థితిలోనే ఉన్నాను. తడి ఉన్ని మెడకింద అలాగే ఉంది. కళ్లు మూసుకున్నాను.

సాయంత్రమంతా ఇంట్లో పడుకున్నా ఆ మాటే చెవుల్లో తిరిగింది. పొద్దున లేచేసరికి నిశ్చయించుకున్నాను. ప్లాంటుకు వెళ్లగానే అధికారి గదికి వెళ్లి, "నిన్న నా కోసం పరిగెత్తింది మా సొంత అన్న. దయచేసి ఆయన్ని ఏమీ అనకండి," అన్నాను. చెప్పేశాక నాకు ఊపిరి ఆడింది. ఇన్నాళ్లకు సరైన పని చేశాననుకున్నాను.

ఆయన చేతిలో పెన్ను పక్కన పెట్టాడు. "మీరు చెప్పకుండా ఉంటే బాగుండేది," అన్నాడు. కోపంగా కాదు, విసుగ్గా. "నిన్న నేను అతన్ని మందలించి వదిలేద్దామనుకున్నాను. ఎవరో మనిషి పడిపోతే పరిగెత్తాడు, ఏ మనిషైనా అదే చేస్తాడని పైవాళ్లకు చెబుదామనుకున్నాను. ఇప్పుడేం చెప్పను? చెల్లెలు పడిపోతే గేటు వదిలేశాడని చెప్పాలి. పైగా ఇంతకాలం ఇద్దరూ దాచారు. బంధువు లోపల పనిచేస్తుంటే గార్డు ముందే చెప్పాలి. అది నియమం."

"చెప్పొద్దన్నది నేనే," అన్నాను. అది అబద్ధం. అన్నను కాపాడటానికి ఆడాననుకున్నాను కానీ, ఒక రకంగా అది నిజం కూడా.

"అయితే అతను మీ మాట విని నియమం తప్పాడన్నమాట," అన్నాడాయన.

ఎటు పోయినా నేను అన్న మీదే అడుగు వేస్తున్నాను. బయటికొచ్చాను. ఏజెన్సీ అన్నను మా గేటు నుంచి తీసేసింది. పని పోలేదు. ఊరి అవతల సచిన్ పారిశ్రామిక ఎస్టేటులో ఒక రంగుల మిల్లు గేటుకు మార్చారు. లింబాయత్ నుంచి అక్కడికి రెండు బస్సులు మారాలి. మా ప్లాంటులో లాగా క్యాంటీన్ భోజనం లేదు, కూర్చోవడానికి ఫ్యాను గది లేదు.

ఆ వార్త తెలిసిన సాయంత్రం లింబాయత్ వెళ్లాను. వదినె కింద చాప పరుచుకుని చీరలకు రాళ్లు అతికిస్తోంది. మార్కెట్ నుంచి తెచ్చుకుని ఇంట్లో చేసే పని అది. నన్ను చూసి రాళ్ల డబ్బా మూత పెట్టింది. అన్న మంచం మీద కూర్చుని బూట్లు పాలిష్ చేస్తున్నాడు.

"చెప్పినవా ఆయనకు?" అన్నాడు.

"చెప్పినన్నా. నీకు మేలైతదనుకున్న."

"ఊఁ," అన్నాడు, బ్రష్ ఆపకుండా.

వదినె ఊరుకోలేదు. "మేలు జేసుడు గిట్లనా? ఆ ముచ్చట మొదటి దినమే చెప్తె ఏమయ్యేది? మా అన్న గేటు కాడ ఉంటడని జెప్పుకోను నీకు సిగ్గా? చెప్పకుంటె చెప్పకపోతివి, ఆఖరుదాక ఊకుండాలె. నడుమ చెప్పుడేంది?"

"ఏయ్, ఊకో," అన్నాడు అన్న. "చెప్పొద్దన్నది నేనే కదా."

"నువ్వన్నవు. ఆమె ఎందుకు ఇన్నది?" అంది వదినె. అని, లేచి నాకు మంచినీళ్లు తెచ్చిచ్చింది. ఆ గ్లాసు పట్టుకుని తలెత్తలేకపోయాను. వదినె అడిగిన దాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. "సిగ్గే వదినె," అన్నాను. ఆమె అనుకోలేదు నేను ఒప్పుకుంటానని. మళ్లీ కూర్చుని రాళ్లు ఏరడం మొదలుపెట్టింది.

అన్న రెండో బూటు అందుకుంటూ అన్నాడు, "నువ్వు పరేషాన్ గాకు. నన్ను తీసేసుడు తప్పు కాదు."

"తప్పు కాదా? మనిషి పడిపోతే నీళ్లు పోసుడు నేరమా అన్నా?"

అన్న బూటు కింద పెట్టాడు. "నీకంటె ముందు ఒక కూలామె పడ్డది చెల్లె. నీకెరుకలేదు. అక్కడ్నే, మీ లైను ఎనక, తోటపని జేసేటోళ్లల్ల. ముసలామె. కూలబడి తల పట్టుకున్నది. నేను సూసిన. నా చేతిల నీళ్లున్నయి. గేటు ఇడిస్తె ఎట్ల, డ్రిల్లు నడుస్తుంది అని ఊకున్న. ఎవలో పట్టుకపోయి చెట్టు కింద కూసోబెట్టిండ్రు. జరసేపటికి నువ్వు పడ్డవు. అప్పుడు గేటు యాదికి రాలే, డ్రిల్లు యాదికి రాలే. ఉరికిన." చేతులకు అంటిన నల్లరంగును తుడుచుకుంటూ ఉన్నాడు. "ఫౌజుల ఉన్నన్నొద్దులు ఒక్కసారి సుత పోస్టు ఇడువలే. ఇడిస్తె ఆమె కోసం ఇడువాలె. లేకుంటె నీకోసం సుత ఇడువద్దు. ఆ సాబ్ పైకి రాసి పంపింది నిజమే. చెల్లె అని ఉరికిన."

నేను వచ్చింది నా తప్పు ఒప్పుకోవడానికి. అన్న దగ్గర అంతకంటే పెద్దది ఉంది. పైగా ఆ ముసలామె నాకు కొన్ని అడుగుల దూరంలో కూలబడితే నేను చూడనే లేదు. అన్న చూసి ఆగిపోయాడు, నేను చూడను కూడా లేదు.

మర్నాడు ప్లాంటులో తోటపని చేసేవాళ్లను వెతుక్కుంటూ వెళ్లాను. ఆమె దొరికింది. గడ్డి కోస్తోంది. దాహోద్ వైపు నుంచి వచ్చిన మనిషి, నన్ను బెన్, అంటే అక్కా, అంటూ గుజరాతీలో మాట్లాడింది. ఆ రోజు ఎలా ఉంది అని అడిగితే, ఏ రోజు అన్నట్టు చూసింది. "ఓ, అదా బెన్! ఎండకు తల తిరిగింది. ప్రతి ఎండాకాలం తిరుగుతుంది," అంది. ఏమీ ఇవ్వకుండా పోవడం బాగాలేదనిపించి నా సంచిలో ఉన్న నిమ్మరసం సీసా ఇచ్చాను. తీసుకుని పక్కన పెట్టుకుంది. నేను అక్కడే నిలబడి ఉన్నాను కాబట్టి ఆమె పని ఆపాల్సి వచ్చింది. అది గ్రహించి వచ్చేశాను.

తర్వాత, డ్రిల్ జరిగేచోట నీళ్ల క్యాన్లు, నీడకు షామియానా ఉండాలని కాగితం పెట్టాను. వెంటనే ఒప్పుకున్నారు. ఇప్పుడు ఉంటున్నాయి. దానికి ఆ నెల ఉత్తమ సూచన అని నన్ను వేదిక మీదికి పిలిచి పూలగుత్తి ఇచ్చారు. ఫోటో తీశారు. పక్క సీటు ఇంజినీరు చప్పట్లు కొడుతూ, "ఆ గార్డు మీ అన్నగారట కదా, ముందే చెప్పాల్సిందండీ. ఎంత మంచి మనిషి!" అన్నాడు. అందరూ అలాగే అంటున్నారు. అన్న వెళ్లిపోయిన తర్వాత ఆయనకు అన్నగా గౌరవం దొరికింది, అది కూడా నా ద్వారా, నాకే. ఆ పూలగుత్తిని ఇంటికి తీసుకెళ్లలేక ల్యాబ్ సింకు పక్కన వదిలేశాను.

వానలు మొదలయ్యాక ఒక శనివారం సెలవు పెట్టి సచిన్ వెళ్లాను. అన్నకు చెప్పలేదు. ఎస్టేటు రోడ్లన్నీ లారీలు, బురద, రంగు నీళ్ల వాసన. మిల్లు గేటు దగ్గర అన్న రెయిన్‌కోటులో నిలబడి, వెనక్కి వస్తున్న ఒక టెంపోకు చేతులూపుతూ దారి చూపిస్తున్నాడు. గది లోపల నడివయసున్న ఇంకో గార్డు ఉన్నాడు, బిహారీ. ఎవరు కావాలని అడిగాడు.

"ఆయన మా అన్న," అన్నాను, వేలితో చూపిస్తూ. వానకి గట్టిగా అనాల్సి వచ్చింది. టెంపో డ్రైవర్ కూడా తిరిగి చూశాడు.

అన్న నన్ను చూసి ఒక్క క్షణం నవ్వాడు. "డ్యూటీల ఉన్న. ఎదురుంగ చాయ్ బండి కాడ కూసో. పొద్దుగూకంగ దిగుత," అని మళ్లీ టెంపో వైపు తిరిగాడు.

చాయ్ బండి రేకు కింద బల్ల మీద కూర్చున్నాను. అన్న పని చేస్తుండగా అంతసేపు చూడటం నాకు అదే మొదటిసారి. మా గేటు దగ్గర ఉన్నన్నాళ్లూ బస్సు ఆగినంతసేపు, అదీ చూడనట్టు చూశాను. ఇక్కడ అన్న లారీలవాళ్లతో హిందీలో అరుస్తాడు, మిల్లులోంచి బయటికొచ్చే ఆడవాళ్లకు దారి ఇవ్వమని టెంపోలను ఆపుతాడు. మిల్లులో పనిచేసేవాళ్లలో కరీంనగర్ వైపు వాళ్లు కొందరున్నారు. వాళ్లు పోతూ పోతూ గది కిటికీలో చెయ్యి పెట్టి సీస తీసుకుని, ఎత్తి తాగి, మళ్లీ అక్కడే పెట్టారు. అడగలేదు. అన్న చూడనూ లేదు. వీళ్లకు అన్నను తెలుసని, నాకంటే బాగా తెలుసని అనిపించింది. ఆయన ఇక్కడ సుఖంగా ఉన్నాడు. దానివల్ల నాకు ఊరట రావాలి. రాలేదు. నా వల్ల వచ్చిపడిన చోటును ఆయన తన చోటు చేసుకున్నాడు, అందులో నా మంచితనం ఏముంది?

డ్యూటీ దిగి వచ్చాడు. చాయ్ తాగాం. "గిక్కడ నీళ్లు ఉప్పగున్నయి చెల్లె. జర ఓసారి జూసి చెప్పు," అన్నాడు. సరేనని ఖాళీ ప్లాస్టిక్ సీసా ఒకటి కొని గది దగ్గరి నల్లా నీళ్లు పట్టుకున్నాను. అన్నకు నా చదువు ఇలా అక్కరకు రావడం ఇష్టం. దారంతా నీళ్ల గురించే మాట్లాడాడు.

రెండో బస్సులో మాకు సీటు దొరికింది. కిటికీ దగ్గర నేను, ఈ పక్క అన్న. వాన జల్లుకు అద్దం మూశాను. కాసేపట్లో అన్న మాట ఆగిపోయింది. చూస్తే తల నా భుజం మీదికి ఒరిగి నిద్రపోతున్నాడు. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. గడ్డం అంతా నెరిసిపోయింది, ఎప్పుడు నెరిసిందో నేను గమనించలేదు. బస్సు గతుకుల్లో పడినప్పుడల్లా తల జారుతుంటే భుజం కాస్త ఎత్తి పట్టుకున్నాను.

మేం దిగాల్సిన లింబాయత్ స్టాపు వచ్చింది. కండక్టర్ పేరు అరిచాడు. లేపాలి. పొద్దుటినుంచి నిలబడ్డ మనిషి, ఇంకొంచెంసేపు పడుకోనీ అనుకున్నాను. బస్సు కదిలిపోయింది. తర్వాతి స్టాపులో కూడా లేపలేదు. ఆ తర్వాతి దాంట్లో ఆయనే ఉలిక్కిపడి లేచి, బయటికి చూసి, "ఏందే, మన స్టాపు దాటిపోయింది! లెవ్వద్దా నన్ను?" అన్నాడు.

"చూసుకోలేదన్నా," అన్నాను.

దిగి వానలో వెనక్కి నడిచాం. అన్న ముందు నడుస్తూ గొణుగుతూనే ఉన్నాడు, ఇంటికాడ వదినె ఎదురుచూస్తదని, పొద్దున మళ్లీ డ్యూటీ ఉందని. అలిసిపోయిన మనిషిని ఇంత దూరం ఎక్కువ నడిపిస్తున్నాను. తిట్టనిచ్చాను. ఒక దుకాణం ముందు ఆగి, తన రెయిన్‌కోటు విప్పి నాకిచ్చి, మళ్లీ తిడుతూ నడిచాడు.